ఎక్కడికని అడగకుండా

మా ఇంట్లో బయల్దేరేవాళ్ళని ‘ఎక్కడికి?’ అని అడగరు. అడిగితే వెళ్ళిన పని చెడుతుందని నమ్మకం. చెప్పులేసుకుని గుమ్మం దిగిన మనిషిని మహా అయితే ‘దూరమా?’ అనొచ్చు. ఎవరైనా నోరు జారి ‘ఎక్కడికి’ అన్నారో, వెళ్ళేవాడు ఇంట్లోకి వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. మా తాత ఒకసారి గుడి సేవకని పక్క ఊరికి బయల్దేరి, వీధిలో ముగ్గురు అడిగితే మూడుసార్లు వెనక్కొచ్చి, మూడు చెంబుల నీళ్ళు తాగి, నాలుగోసారి కండువా దండెం మీద పడేసి పడుకున్నాడని మా నాన్న చెప్పేవారు. ముప్పై నాలుగేళ్ళు బడిలో పిల్లల చేత ప్రశ్నలు అడిగించి బతికినదాన్ని, ఇంటికొచ్చేసరికి నేనూ ఈ ఒక్క ప్రశ్నా మింగేసేదాన్ని.

మా తమ్ముడికి ఈ పట్టింపు నాకంటే పది రెట్లు ఎక్కువ. వాడు సాలూరులో ఒక లారీల ఆఫీసులో గుమస్తాగా పనిచేసి దిగాడు. సరుకు ఎక్కించాక డ్రైవరు చేతికి కాగితాలివ్వడం, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం, ‘మంచిది’ అనడం, అంతే. ఏ ఊరనీ, ఎప్పుడు చేరతావనీ బండి కదిలేముందు నోటితో అనకూడదట. ఊరి పేరు కాగితంలో ఉంటుంది, నోట్లో ఉండదు. అన్ని వేల లారీల్ని దేశం మీదికి పంపినవాడికి స్టీరింగు పట్టుకోవడం మాత్రం రాదు. ఉద్యోగం అయిపోయాక, యాభై తొమ్మిదో ఏట, ఒక పాత కారు కొని నేర్చుకున్నాడు. గేరు మార్చినప్పుడల్లా ఇప్పటికీ నాలుక బయటపెడతాడు.

నాకు పెళ్లి మాట రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పోయింది. నేను దాని వెంటపడలేదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ సముద్రం ఒడ్డు ఊళ్ళలోనే ఎక్కువగా తిరిగాను, తెలుగు చెప్పుకుంటూ. రిటైరయ్యాక విజయనగరంలో తమ్ముడింట్లో చేరి ఆరేళ్ళయింది. తమ్ముడూ, మరదలూ, నేనూ. వాళ్ళ అబ్బాయికి విశాఖపట్నంలో ఉద్యోగం. ఇంట్లో నాకొక గది ఉంది. గోడ పొడుగునా నా పుస్తకాలు, కిటికీ పక్కన మంచం, లోపలే బాత్‌రూము. ఇంట్లోకెల్లా మంచి గది నాకే ఇచ్చారని నాకు తెలుసు, తెలిసి ఆరేళ్ళూ కొంచెం బిక్కుబిక్కుమంటూనే ఉన్నాను.

ఈ మాఘమాసంలో మేనల్లుడికి సంబంధం కుదిరింది. ముహూర్తం వైశాఖంలో. అది కుదిరిన వారానికే, నేను బజారు నుంచి వచ్చేసరికి తమ్ముడు ఒక మేస్త్రీని వెంటబెట్టుకుని నా గదిలో నిలబడి టేపుతో గోడ కొలిపిస్తున్నాడు. నన్ను చూసి టేపు చటుక్కున చుట్టేశాడు. “ఏం లేదప్పా,” అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఏమీ లేనిదానికి మేస్త్రీ ఎందుకు? ఆ సాయంత్రం తమ్ముడూ మరదలూ వంటింట్లో గుసగుసలాడుకుంటూ నేను రాగానే మానేశారు. ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. కొత్త కోడలొస్తోంది, గది కావాలి, ముసలి ఆడబిడ్డకి ఆ మాట చెప్పడానికి నోరు రావడం లేదు.

పొమ్మనలేక పొగబెట్టే దాకా ఎందుకు, మనమే సర్దుకుంటే మర్యాదగా ఉంటుంది అనుకున్నాను. నాకు రోషం ఎక్కువ. పుస్తకాలన్నీ కట్టలు కట్టి ఒక బడికి ఇచ్చేశాను. ఆ రోజు మాత్రం, ఆటో మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి ఏడ్చాను. చీరలు ట్రంకుపెట్టెలో సర్దాను. గోడ మీది ఫొటోలు దింపి పాత పంచెలో చుట్టాను. ఎక్కడికి వెళ్ళాలో మాత్రం తెలియలేదు. అద్దెకా, ఆశ్రమానికా? ఏదీ తేల్చుకోలేక ట్రంకుపెట్టె పక్కన కూర్చునేదాన్ని. ఇంట్లో ఎవరూ ‘ఇదేమిటి’ అనలేదు. అనకపోవడం చూసి, నేననుకున్నదే నిజమని గట్టి చేసుకున్నాను.

ఫాల్గుణంలో ఒక శనివారం, మధ్యాహ్నం భోజనాల దగ్గర తమ్ముడన్నాడు: “అప్పా, రేపు తెల్లారి ఆరింటికి తయారుగుండు. బండిలో ఎల్దాం.”

“సరే,” అన్నాను. మరదలు తలెత్తలేదు. కలిపిన పెరుగన్నాన్నే మళ్ళీ కలుపుతోంది.

తెల్లారి డిక్కీలో నా చేతిసంచి పెట్టబోతే అందులో ఒక చాపా, ఫ్లాస్కూ, కొత్త స్టీలు బకెట్టూ, బకెట్టులో కొత్త చెంబూ కనబడ్డాయి. చెంబుకి కొట్టువాడి చీటీ ఇంకా ఊడలేదు. కొత్తగా వేరుకాపురం పెట్టేవాళ్ళకి కొనే సామాన్లవి. కారెక్కి, బండి కదిలాక, ఆ బకెట్టు మీదే మనసుండి నోరు జారాను. “ఎక్కడికిరా ఇదంతా?”

వాడు బ్రేకు తొక్కాడు. “ఓలమ్మా! ఏటప్పా నువ్వు, అడిగేసేవేటి!”

“వదినా, నువ్వే ఇలగంటే ఎలాగ?” అంది వెనక సీట్లోంచి మరదలు. “మా అత్తగారుంటే నిన్ను సీపురు తిరగేసుండేవారు.” ఆవిడ అత్తగారంటే మా అమ్మే.

కారు గేటు ముందే ఉంది. ముగ్గురం దిగి, తాళం తీసి, వరసగా కాళ్ళు కడుక్కుని, తలో గ్లాసు నీళ్ళు తాగి, హాల్లో కుర్చీల్లో మొహాలు మొహాలు చూసుకుంటూ కూర్చున్నాం. తమ్ముడు గడియారం చూసి “ఇంక లెగండి” అన్నాడు. లేచాం. ఎక్కడికో మాత్రం చెప్పలేదు.

ఊరు దాటాక మరదలు ఫోను తీసింది. “దారి పెడతానుండు. మళ్ళీ ఎక్కడో తప్పిపోతావు.”

“పెట్టకు,” అన్నాడు వాడు. “ఊరి పేరు కొట్టాల కదా. ఫోనుకి సెప్పినా సెప్పినట్టే.”

“లారీలోళ్ళు ఇప్పుడు అందరూ పెట్టుకుంటన్నారు.”

“అందుకే ఇప్పటి లారీలకి అన్ని తిప్పలు.”

ఫోను సంచిలోకి వెళ్ళిపోయింది. నాతవలస దగ్గర హైవే ఎక్కాం. మామిడితోటలు పూత రాల్చి పిందె పట్టాయి. కోసేసిన మళ్ళలో మినప చేను పీకి కుప్పలు వేస్తున్నారు. పూసపాటిరేగ దగ్గర కుడిచేతికి తిప్పితే నాకు ఉత్సాహం వచ్చింది. నా మొదటి ఉద్యోగం ఆ దారిలోనే, చింతపల్లిలో. ఒక్క ఏడాదే ఉన్నాను. దీపస్తంభం కింద ఆగి, ఇసకలో కాళ్ళు కూరుకుంటూ కాసేపు నడిచాం. ఇరవై నాలుగేళ్ళ పిల్లగా ఇక్కడ చెప్పులు చేత్తో పట్టుకుని బడికి వెళ్ళిన సంగతి చెప్పాను. మామూలుగా నా బడి కబుర్లు మొదలెడితే తమ్ముడికి ఆవలింతలొస్తాయి. ఆ రోజు కళ్ళార్పకుండా నా మొహమే చూస్తూ విన్నాడు. అంతా అయ్యాక “బాగుందా?” అని అడిగాడు.

“బాగుంది. ఎండెక్కితే ఉండలేం,” అన్నాను. వాడు “సరే, ఎల్దాం,” అన్నాడు, ఏదో గళ్ళలో టిక్కు పెట్టినట్టు.

నాగావళి దాటేసరికి ఎనిమిదిన్నర. ఆదివారం కదా, అరసవల్లి దగ్గర సూర్యనారాయణమూర్తి దర్శనానికి వచ్చిన జనంలో చాలాసేపు ఇరుక్కుపోయాం. మరదలు కారులోంచే దణ్ణం పెట్టుకుంది. గార వైపు తిరిగేసరికి నాకు అర్థమైంది. వీడు నన్ను నేను పనిచేసిన ఊళ్ళకి తిప్పుతున్నాడు. ఎందుకో మాత్రం అర్థం కాలేదు. మనసులో రెండు రకాలు. ఒకటి, పాపం, అప్పకి సరదాగా పాత ఊళ్ళు చూపిస్తున్నాడు. రెండు, ఆ బకెట్టు.

శాలిహుండం కొండ కనబడింది. పైన బౌద్ధుల కాలపు ఇటుకల కట్టడాలున్నాయి. అక్కడికి పిల్లల్ని నడిపించి తీసుకెళ్ళి, కిందికి దిగేటప్పుడు లెక్కపెడితే ఇద్దరు ఎక్కువొచ్చారు ఒకసారి. పశువుల్ని కాసే పిల్లలు లైన్లో కలిసిపోయి ఉప్మా కూడా తినేశారు. ఆ మాట చెబితే మరదలు పడీ పడీ నవ్వింది. పక్కన వంశధార వెడల్పుగా, నీరు తక్కువగా, ఇసక దిబ్బల మధ్య పాయలు పాయలుగా ఉంది. కాసేపు బకెట్టు సంగతి నిజంగానే మరిచిపోయాను.

కళింగపట్నంలో దీపస్తంభం దగ్గర ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. పాత రేవు వైపు వెళ్ళే సందులోకి తిప్పి, ఎవరినో అడిగి, ఒక పెంకుటింటి ముందు ఆపాడు. ముందు అరుగు, పక్కన నుయ్యి, నాలుగు కొబ్బరిచెట్లు. ఇంటాయన పెద్దమనిషి, తాళంచెవి చేత్తో పట్టుకుని మా కోసం చూస్తున్నట్టే నిలబడి ఉన్నాడు.

“రండి బాబూ, ఫోన్ సేసింది మీరే కదేటి? ఒక్కరేనా ఉంటారు?” అన్నాడు.

“ఒక్కర్తే,” అన్నాడు తమ్ముడు గొంతు తగ్గించి. “వంట తనే సేసుకుంటాది. నీళ్ళెలగుంటాయి?”

“కొబ్బరినీళ్ళే అనుకోండి. తుపానొస్తే మాత్రం నాల్రోజులు కరెంటుండదు. అదొక్కటే.”

“ఆస్పత్రి దగ్గరేనా?”

నేను నూతి దగ్గర ఉన్నాను. వాళ్ళు నాకు వినబడలేదనుకున్నారు. బళ్ళో వెనక బెంచీ గుసగుసలు పట్టుకున్న చెవులివి. తమ్ముడు లోపలికెళ్ళి కిటికీలు తెరిచి మూసి చూశాడు, గడియ లాగి చూశాడు, మంచం ఎటు పడుతుందో అడుగులతో కొలిచాడు. మొన్న నా గదిని కొలిపించినట్టే. అంటే ఆ గదిలోంచి తీసి ఈ గదిలో పెట్టడం. నూతిలోకి తొంగి నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో చూశాను. నన్నిక్కడ ఒంటరిగా వదిలేస్తారు, రేపటి నుంచి ఆ కొత్త బకెట్టుతో నీళ్ళు తోడుకోవాలి, ఇదే ఇంక నా బతుకు అనుకున్నాను.

అడగొచ్చు కదా అంటారు. అడగందే అమ్మైనా పెట్టదు, నిజమే. కాని అడిగాక వాడు ‘అవునప్పా’ అంటే? ఆ మాట వాడి నోట వినడం కంటే ఏమీ తెలియనట్టు నటించడం నయమనిపించింది. దారిలో ఉండగా అడగకూడదనే వంక ఒకటి ఎలాగూ దొరికింది.

ఇంటాయన నా దగ్గరికొచ్చి “నచ్చిందా అమ్మా?” అన్నాడు.

“గాలి బాగుంది,” అన్నాను.

ఆ మాటకి తమ్ముడి మొహం వాడిపోయింది. ఇదేమిటో నాకు తెలియలేదు. నచ్చిందంటే సంతోషించాలి కదా వీడు? నచ్చలేదనుకున్నాడా? మరదలు కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఇసక పడిందంది. అక్కడ ఇసక లేదు, సిమెంటు గచ్చు. నన్ను వదిలించుకోవడానికి వచ్చినవాళ్ళు ఏడవడమేమిటి?

నరసన్నపేట మీదుగా పైకి వెళ్ళి, కోటబొమ్మాళి దాటాక ఒక చింతచెట్టు కింద చాప పరిచి పులిహోర తిన్నాం. తమ్ముడు తన విస్తట్లోని వేరుశనగపప్పులన్నీ ఏరి నా విస్తట్లో వేశాడు. చిన్నప్పుడు అలా వేసేవాడు, నేను లెక్కలు చేసిపెట్టినందుకు. యాభై ఏళ్ళ తరవాత మళ్ళీ ఎందుకు? బలిచ్చే ముందు మేకకి దండ వేస్తారు, ఇదీ అదేనేమో అనుకుంటూ పప్పులు మాత్రం తినేశాను. పప్పుల మీద నాకేం కోపం లేదు.

టెక్కలిలో వాడు దారి తప్పాడు. హైవే మీద తిన్నగా పోవాల్సింది కుడికి తిప్పి నౌపడ వైపు పోనిచ్చాడు. “సెప్పేనా, ఫోన్ పెట్టమని!” అని మరదలు సణిగింది. అప్పటికే ఆవిడ కారు పడక నిమ్మకాయ వాసన చూస్తోంది. రైలు గేటు దాటాక ఉప్పుమళ్ళు వచ్చాయి. కనుచూపు మేర చదరాలు చదరాలుగా నీళ్ళు, గట్ల మీద తెల్లటి ఉప్పు కుప్పలు, ఎండకి కళ్ళు చిట్లిపోతున్నాయి. మరదలు కారాపించి దిగింది. అక్కడ ఉప్పు లాగుతున్న ఒకామె దగ్గర ఒక మూట రాళ్ళుప్పు అడిగింది.

“కింద ఎడతాను, తీసుకోండమ్మా,” అందామె. ఉప్పు చేతికి చేతికీ అందిస్తే తగువులొస్తాయని అందరికీ తెలిసిందే. మూట గట్టు మీద పెట్టింది, మరదలు తీసుకుని డిక్కీలో, సరిగ్గా ఆ బకెట్టులో పెట్టింది.

కొత్తింట్లోకి ముందు ఉప్పూ పసుపూ పట్టుకెళ్తారు. నేను దొంగలా మరదలి సంచిలోకి తొంగిచూశాను, పసుపు కూడా ఉందేమోనని. బిస్కెట్లు, ఇంకో నిమ్మకాయ, ఫోను, అంతే. పసుపు అక్కడే కొంటారు కాబోలు అనుకున్నాను. ఇల్లు కళింగపట్నంలో చూసి ఉప్పు నౌపడలో కొని ఇంకా పైకి ఎక్కడికి తీసుకెళ్తున్నారు? ఆ ఇల్లు వీళ్ళకే నచ్చలేదా? ఇంకా దూరంగా ఉండాలా నేను?

పూండి మీదుగా మళ్ళీ హైవే పట్టుకుని, పలాస దాటి, జీడితోటల మధ్య నుంచి సోంపేట వైపు వెళ్తుంటే ఇంక నాకు సందేహం లేదు. బారువ. తొమ్మిదేళ్ళు పనిచేసిన ఊరు. నోరు తెరిస్తే ‘మా బారువలో అయితే’ అనేదాన్నట, ఇంట్లో అందరూ వెక్కిరించేవారు.

నాలుగున్నరకి చేరాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసేచోట ఇసక మీద పడవలు బోర్లించి ఉన్నాయి. ఒకప్పుడు ఇక్కణ్ణుంచి బియ్యం ఓడలు బర్మా వెళ్ళేవని పిల్లలకి చెప్పేదాన్ని, వాళ్ళు ఏ పడవ చూసినా ‘ఇదేనా టీచర్’ అనేవారు. దీపస్తంభం నీడ సరుగుడు తోట మీదికి సాగింది. చెప్పొద్దూ, అంత దిగుల్లోనూ ఆ ఊరు అందంగానే ఉంది. అది నాకు ఇంకా కోపం తెప్పించింది.

మరదలు బోర్లించిన పడవ నీడలో చతికిలబడింది. తమ్ముడు చేతులు వెనక్కి కట్టుకుని నా పక్కన నిలబడ్డాడు.

“ఇదైతే నీకు నచ్చుతాదా అప్పా? బడి ఎనక సందులో ఒకిల్లు ఉన్నాదట. ఎల్లి సూద్దామా?”

కోపమొస్తే నా బడి తెలుగు ఊడిపోయి ఇంటి తెలుగు బయటికొస్తుంది. “సూడక్కర్లేదురా! నన్నెక్కడ దింపాలనుకుంటన్నావో అక్కడ దింపీ! ఊరూరూ తిప్పడమెందుకు, సంతలో గేదెనా నాను? ఆ గదే కావాలంటే నోటితో అడగలేకపోయేవా? ఆ బకెట్టొకటి కొన్నావు, సిగ్గు లేకపోతే సరి!”

వాడు గిర్రున నా వైపు తిరిగాడు. పడవల దగ్గర వల బాగుచేసుకుంటున్నాయన కూడా తలెత్తి చూశాడు.

“నిన్ను దింపడమేటి?” అన్నాడు తమ్ముడు. “ఎలిపోతానంటన్నది నువ్వు కదేటి?”

“నేనెప్పుడన్నాను?”

“నోటితో అనాలేటి? పుస్తకాలు ఇచ్చేసేవు. పెట్టె సర్దేసేవు. అమ్మా నాన్నల ఫొటో కూడా దింపేసేవు. ఇంక ఉండనని తెలుస్తాది కదా. బయల్దేరినోళ్ళని ఎక్కడికని అడగకూడదు. ఏ ఊరెళ్ళి ఒక్కర్తివీ ఎలా పడతావోనని, నాకు తెలిసిన నీ ఊళ్ళే తిప్పేను. ఏ ఊళ్ళో ఆగిపోతావో అని పొద్దున్నుంచీ నీ మొహమే సూస్తన్నాను. నువ్వు గాలి బాగుందన్నావు, నాకు అన్నం దిగలేదు.”

నాకు ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. వాడి విస్తట్లో పప్పులు గుర్తొచ్చాయి. “మరి మేస్త్రీ? నా గది కొలిపించలేదూ?”

“నీ పుస్తకాలకే! పెల్లికి సుట్టాలొస్తే వాటి మీద తడి తువ్వాళ్ళు ఆరేస్తారని నువ్వే గొణిగేవు. గోడలో అలమరా కట్టించి తలుపులు పెట్టిద్దామనుకున్నాం. ముందే సెప్తే వద్దంటావని సెప్పలేదు. మేస్త్రీ సామాన్లేసుకొచ్చేసరికి గోడే ఉన్నాది, పుస్తకాల్లేవు.”

“మరి కొత్త కోడలికి గది?”

అప్పుడు మరదలు లేచింది. లేచిన విసురుకి కొంగులోంచి ఇసక రాలింది. “ఓలమ్మో, ఏ కోడలికే వదినా? వాళ్ళిద్దరి ఉద్యోగాలూ విశాపట్నం కదా! వారానికో పూట వచ్చిపోయేవోళ్ళకి గదేటి, హాల్లో పడుకుంటారు! ఆడబిడ్డని తరిమేసిందన్న పేరు నాకే వస్తాది గదా, ఇరవై రోజులై నాకు నిద్దర్లేదు. నానేటన్నాను, ఏ కూరలో ఉప్పెక్కువేసేనని ఒకటే ఆలోసన. అప్పాతమ్ముళ్ళు ఇద్దరూ సదువుకున్నోళ్ళే, ఇద్దరికీ నోట్లో నాలికున్నాది, ఒక్క మాట అడుక్కోలేరేటి!”

“మరి ఆ ఉప్పు?” అన్నాను. ఆ సమయంలో అదెందుకు అడిగానో ఇప్పటికీ తెలీదు.

“ఆవకాయకి! ఉప్పేటి సేసింది నిన్ను?”

నేను ఇసకలో కూలబడ్డాను. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ ఒకేసారి వచ్చాయి. అయినా నా బుర్ర తేటపడలేదు. ఇరవై రోజులు ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర, నేను వాళ్ళు పొమ్మంటున్నారనుకుని, వాళ్ళు నేను పోతున్నాననుకుని బతికామా? పోనీ నేను పోతున్నాననే అనుకున్నాడు, వద్దని ఒక్క మాట అనలేకపోయాడా? ఆ బకెట్టు కొట్లో నిలబడి ఏరుతున్నప్పుడు వీడి మనసులో ఏముంది? ఎక్కడో ఓ మూల కాస్త తేలికపడ్డాడేమో కూడా. అదీ అడిగేశాను, ఇంక దాచుకోవడానికేముంది.

“వద్దని ఎందుకనలేదురా?”

“అంటే నా మాట కోసం ఉండిపోతావు,” అన్నాడు. “ఇష్టం లేకపోయినా ఉండిపోతావు. నాన్న పోయినప్పుడు నా సదువు కోసం నువ్వు పెళ్ళి మానుకున్నావని అమ్మ సెప్పింది. మళ్ళీ అలగే సేయించమంటావేటి?”

పెళ్లి మాట రెండుసార్లు వచ్చి పోయిందని మొదట్లో రాశాను. ఎందుకు పోయిందో రాయలేదు. వాడికి తెలుసని నాకు తెలియదు.

నేను ఉంటాననీ అనలేదు, వెళ్తాననీ అనలేదు. వాడూ నేనేమంటానోనని చూసి చూసి, తల వంచుకుని చెప్పులు చేత్తో పట్టుకుని కారు వైపు నడిచాడు. నేనూ మరదలూ వెనకే వెళ్ళి ఎక్కాం. కారులో ఎండకి కాగిన వేడి. వాడు తాళంచెవి తిప్పాడు, ఇంజను వచ్చింది. గేరు మీద చెయ్యి పెట్టాడు. నాలుక బయటికి రాలేదు, బండి కదల్లేదు. మేం వచ్చిన వైపు, కారు వెనకాల, దారి చీలి ఒకటి బడి వెనక సందుకి, ఒకటి సోంపేట రోడ్డుకి వెళ్తుంది. వాడు అద్దంలో ఆ రెండూ చూసి, నా వైపు తిరిగాడు.

“ఎక్కడికప్పా?” అన్నాడు.

వెనక మరదలు “ఓలమ్మా, ఈడే అడిగేసేడు!” అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు తెలిసి వాడి జన్మలో ఆ మాట అనడం అదే మొదలు. వేల లారీల ముందు నిలబడి అననివాడు నా కోసం అన్నాడు. అని, తిట్లకి సిద్ధపడ్డ పిల్లాడిలా భుజాలు దగ్గరికి లాక్కున్నాడు.

“అడిగేశావు కదరా,” అన్నాను. “ఇంక ముందుకెళ్ళడానికి లేదు. ఇంటికెళ్ళి, కాళ్ళు కడుక్కుని, నీళ్ళు తాగి, కూర్చోవాలి. తిప్పు బండి.”

వాడికి వెనక్కి తిప్పడం ఇంకా సరిగ్గా రాదు. నాలుక బయటపెట్టి, ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు లాగి, ఆ ఇసక దారిలో ఎలాగో తిప్పాడు. ప్రతి కుదుపుకీ డిక్కీలో బకెట్టూ చెంబూ గణగణలాడాయి.